ఫొటోలు చూసి ఒరిజినలో ఫేకో చెప్పే సర్వీస్: నాలుగు పంపాను, మూడు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఆప్ పేరు రాయట్లేదు. వాళ్ళ సపోర్ట్ వాళ్ళతో నా గొడవ ఇంకా పూర్తిగా తేలలేదు, పైగా ఇలాంటివి ఇప్పుడు బోలెడు ఉన్నాయి, పద్ధతి అందరిదీ ఇంచుమించు ఒకటే. బట్ట ఫొటోలు తీసి పంపాలి, ఐటెమ్‌కి ఇంత అని ముందే కట్టాలి, కొన్ని గంటలాగితే ఒరిజినల్ అనో, ఫేక్ అనో, తేల్చలేకపోతున్నాం అనో జవాబొస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో బ్రాండెడ్ బట్టలు కొనే పిచ్చి ఉన్నవాళ్ళకి తెలుస్తుంది దీని అవసరం, కొత్తదాని రేటులో మూడోవంతుకే జాకెట్ కనపడితే చెయ్యి ఆగదు, కొన్నాక నిద్ర పట్టదు. రెండు నెలల్లో నాలుగు పంపాను. మూడు కరెక్ట్‌గా చెప్పారు, ఒకటి ఘోరంగా తప్పారు, ఆ తప్పింది కూడా నాలుగింట్లో అన్నిటికంటే ఖరీదైనదే, నా ఖర్మ.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ నడవదు. మా పిన్ని. ముప్పై ఏళ్ళ నుంచి మిషన్ కుడుతోంది, బ్రాండ్ల పేర్లు ఒక్కటీ సరిగ్గా పలకదు, లోగో చూపించి ఇది ఫలానా అంటే "అయితే?" అంటుంది. ఆవిడ చేతికి బట్ట ఇస్తే ముందు వైపు కనీసం చూడదు, సరాసరి తిరగేస్తుంది. "ముందు భాగం ఎవడైనా బానే కుడతాడే, ఎవరూ చూడరులే అనుకున్న చోట ఎలా కుట్టాడో చూడు" అని నాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది, నేను వినలేదు, డబ్బులు పోయాక విన్నాను.

ఆప్ సంగతికొస్తే, ఒక్కో బట్టకి ఎనిమిది ఫొటోలు అడుగుతుంది. ముందు, వెనక, మెడ దగ్గర లేబుల్, లోపల ఎలా ఉతకాలో రాసుండే వాష్ ట్యాగ్ రెండు వైపులా, లోగో దగ్గర నుంచి, జిప్పు గానీ బటన్ గానీ, చివరిది లోపలి కుట్లు. ఈ లిస్ట్ చూశాకే నాకు సగం విషయం అర్థమైంది, ఎనిమిదింట్లో నాలుగు బట్ట లోపలి వైపువే. ఫొటోలు ట్యూబ్‌లైట్ కింద తీస్తే తిప్పి పంపేస్తారు, పగటి వెలుతురులో కిటికీ పక్కన పెట్టి తియ్యాలి, ఫ్లాష్ వెయ్యకూడదు. ఫ్లాష్ వేస్తే దారం మెరుపు పోయి అన్ని కుట్లూ ఒకేలా కనపడతాయట. ఈ ఒక్క విషయంలో వాళ్ళ గైడ్ చాలా బావుంది, దీనికి ఒక స్టార్ ఖాయం.

మొదట పంపింది లకోస్త్ పోలో షర్ట్. ఫ్రెండ్ గిఫ్ట్ ఇచ్చాడు, ఎక్కడ కొన్నావురా అంటే నవ్వాడు, అప్పుడే డౌటొచ్చింది. మూడు గంటల్లో జవాబొచ్చింది, "ఫేక్. కారణం: లోగో, బటన్లు." అంతే. డబ్బు కట్టించుకుని నాలుగు ముక్కలు! లోగోకి ఏమైంది, బటన్లకి ఏమైంది, ఒక్క మాట లేదు. ఆ షర్ట్ పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను.

పిన్ని షర్ట్ తిరగేసి మొసలి ఉన్న చోట వెనక వేలితో గీకింది. తెల్లటి గట్టి కాగితం లాంటి ముక్క చేతికి తగిలింది, దాని మీద ఆకుపచ్చ దారాలు గజిబిజిగా అల్లుకుని ఉన్నాయి. అంటే మొసలిని డైరెక్ట్‌గా షర్ట్ మీదే ఎంబ్రాయిడరీ కొట్టేశారు. క్లాసిక్ పోలోకి అలా ఉండదు, మొసలిని విడిగా నేసి, కంటికి ఆననంత సన్నటి దారంతో అంచుల వెంట షర్ట్‌కి కుడతారు, వెనక్కి తిప్పితే లీలగా మొసలి ఆకారం కనపడాలి గానీ దారాల ముద్ద కనపడకూడదు. తర్వాత ముందు వైపు భూతద్దం పెట్టి చూశాం. అసలుదానికి పళ్ళు విడివిడిగా తెలుస్తాయి, గోళ్ళు తెలుస్తాయి, నోరు ఎర్రగా ఉంటుంది. నాదానికి పళ్ళన్నీ కలిసిపోయి తెల్ల గీత ఒకటి మిగిలింది. "ఇది మొసలి కాదే, బల్లి" అంది పిన్ని. ఆ టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్త్‌కి మొసలి అని ముద్దు పేరు ఉండేదట, రాబర్ట్ జార్జ్ అనే ఫ్రెండ్ బొమ్మ గీసిస్తే దాన్ని తన కోటు మీద కుట్టించుకుని తిరిగాడు, 1933లో షర్ట్‌ల కంపెనీ పెట్టినప్పుడు అదే లోగో అయింది. పాపం ఆ మనిషి ఈ బల్లిని చూస్తే ఏమనేవాడో.

బటన్లు ఇంకా సరదా. పిన్ని ఒక బటన్ తీసుకెళ్ళి బుగ్గకి ఆనించుకుంది, తర్వాత పంటికి తగిలించింది. నేను కంగారుపడ్డాను. ముత్యపు చిప్పతో చేసిన బటనైతే బుగ్గకి చల్లగా తగులుతుందంట, పంటికి కాస్త గరుగ్గా ఉంటుందంట, ప్లాస్టిక్‌దైతే చల్లదనమూ ఉండదు, నున్నగా జారిపోతుంది. ఒరిజినల్ క్లాసిక్ పోలోకి ముత్యపు చిప్ప బటన్లే, రెండే రంధ్రాలు, ఒకదాని మెరుపు ఇంకోదానికి అచ్చంగా కలవదు. నాదానికి నాలుగు రంధ్రాలు, అచ్చు గుద్దినట్టు మూడూ ఒకటే. ఇంక గుడ్డ సంగతి, ఈ మోడల్ పేరు ఎల్.12.12, అందులో ఎల్ అంటే లకోస్త్, 1 అంటే పెటిట్ పికే అనే అల్లిక, 2 అంటే పొట్టి చేతులు, 12 అంటే ఆయన ఓకే చేసిన వెర్షన్ నంబర్. ఆ అల్లిక వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తేనెపట్టు లాగా చిన్న చిన్న గళ్ళు కనపడతాయి, నాది మామూలు టీషర్ట్ గుడ్డలా చదునుగా ఉంది. ఇదంతా చెప్పడానికి పిన్నికి పది నిమిషాలు పట్టింది. ఆప్ వాళ్ళు నాలుగు ముక్కల్లో తేల్చేశారు. జవాబు కరెక్టే, కాదనను.

ఆ పోలో మీద "మేడిన్ పెరూ" అని ఉంటే చాలామంది అది చూసే ఫేక్ అనేస్తారు, ఫ్రెంచ్ బ్రాండ్ పెరూలో ఏంటి అని. అది తప్పు, లకోస్త్ పోలోలు పెరూలో కూడా కుడతారు. ఏ దేశంలో కుట్టారన్నదాన్ని బట్టి ఏమీ తేలదు, ఆ మాట అచ్చేయడానికి ఫేక్ వాడికి ఖర్చేం ఉంది.

రెండోది లీవైస్ జీన్స్. దీని రిపోర్ట్ మాత్రం సూపర్. విషయం ఏంటంటే వెనక జేబుకి ఉండే ఎర్ర ట్యాబ్, అంటే ఆ చిన్న గుడ్డ ముక్క మీద పేరు లేదు, రిజిస్టర్డ్ అని తెలిపే ఆ సున్నాలో ఆర్ గుర్తు ఒక్కటే ఉంది. ఫ్రెండ్స్ అందరూ ఒకటే నవ్వు, పేరు రాయడం కూడా మర్చిపోయారే నీ ఫేక్ వాళ్ళు అని. ఆప్ వాళ్ళు గంటన్నరలో ఒరిజినల్ అని చెప్పి కారణం కూడా రాశారు. ఆ ఎర్ర ట్యాబ్ 1936లో వచ్చింది, అది వచ్చిందే కాపీల బాధ పడలేక, వెనక జేబు మీద కుట్టు లాంటివి వేరే వాళ్ళూ కుట్టేస్తుంటే దూరం నుంచే మనదని తెలియాలని పెట్టారు. ట్రేడ్‌మార్క్ హక్కు దాని మీద రాసిన పేరుకి మాత్రమే కాదు, జేబు పక్క కుట్టులో దూర్చిన ఆ ట్యాబ్‌కే కావాలి, ఆ హక్కు నిలవాలంటే పేరు లేని ట్యాబ్‌తో కూడా కొంత సరుకు అమ్ముతూ ఉండాలి. అందుకని కావాలనే కొన్నిటికి ఖాళీ ట్యాబ్ కుడతారు. ఇది నాకు తెలియదు. మీలో ఎవరైనా ఖాళీ ట్యాబ్ చూసి జీన్స్ పారేసి ఉంటే సారీ.

అదే రిపోర్ట్‌లో ఇంకోటి రాశారు, పాత జీన్స్ కొనేవాళ్ళకి పనికొస్తుంది. 1971 దాకా ట్యాబ్ మీద పేరులో ఇంగ్లీష్ అక్షరం "ఈ" (E) కూడా పెద్దక్షరమే, ఆ తర్వాత అది చిన్నక్షరం అయింది. కాబట్టి ఎవడైనా ఇది 1960ల నాటిది అని చిన్న ఈ ఉన్నది అమ్మబోతే లేచి వచ్చేయొచ్చు. కానీ తిరగేసి అనుకోకూడదు, పెద్ద ఈ ఉంది కదా పాతదే అని, ఎందుకంటే పాత మోడళ్ళని కంపెనీయే మళ్ళీ తీస్తూ ఉంటుంది, వాటికి కూడా పెద్ద ఈ ఉంటుంది.

మూడోది నాది కాదు, మా కొలీగ్‌ది, బర్బరీ ట్రెంచ్ కోటు. "1980ల నాటి వింటేజ్, మా తాతగారిది" అని చెప్పి అమ్మారట తనకి. ఫొటోలు పంపిన ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది, ఫేక్ అని. ఈసారి కారణం ఒక్కటే, కానీ తిరుగులేని కారణం. ఆ కంపెనీ 1999 దాకా లేబుల్ మీద పేరు బర్బరీస్ అని రాసుకునేది, చివర ఎస్ ఉండేది, 1999లో ఎస్ తీసేశారు. 1980ల కోటుకి ఎస్ లేని లేబుల్ ఎక్కడి నుంచొస్తుంది? నేను ఊరుకోకుండా వాష్ ట్యాగ్ కూడా చూశాను, అడుగున వెబ్‌సైట్ అడ్రస్ ఉంది. 1980లలో వెబ్‌సైట్! తాతగారు చాలా ముందుచూపు ఉన్న మనిషి. అమెరికాలో అమ్మే బట్టలకి వాష్ ట్యాగ్ 1972 నుంచి తప్పనిసరి, మాటలు రాయకుండా టబ్బు, త్రికోణం, ఇస్త్రీపెట్టె బొమ్మలు మాత్రమే వేసి ఊరుకునే వీలు 1997లోనే వచ్చింది, అంటే అక్కడి పాత కోటు అని చెప్పి బొమ్మలు మాత్రమే ఉన్న ట్యాగ్ చూపిస్తే అది కూడా అనుమానించాల్సిందే. ఫేక్ కొట్టేవాడికి గుడ్డ దొరుకుతుంది, గళ్ళు దొరుకుతాయి, తారీఖులు గుర్తుపెట్టుకునే ఓపిక మాత్రం ఉండదు.

ఆ కోటు పిన్నికి చూపించకుండా ఉంటానా. ఆవిడకి ఎస్ గొడవ అక్కర్లేదు, లోపల గళ్ళ లైనింగ్ చూసి వీపు మధ్య కుట్టు మీద వేలు పెట్టింది. ఎడమ వైపు గీత కుడి వైపు గీతకి అరంగుళం కిందకి జారి ఉంది. "గడికి గడి కలవాలంటే ముక్కలు కత్తిరించేటప్పుడే జరుపుకుని కత్తిరించాలి, అలా జరిపితే బట్ట వేస్ట్ అవుతుంది, టైం పోతుంది, వీడికి ఆ రెండూ ఇష్టం లేదు" అంది. ఇది నాకు బాగా నచ్చింది. ఫేక్ తయారుచేసేవాడు ఎక్కడ పిసినారితనం చేస్తాడో అక్కడ వెతకాలన్నమాట. లోగో మీద చెయ్యడు, కొనేవాడు చూసేది అదే కదా. గడులు కలపడం, కుట్టు చివర ముడి, జేబు మూలల్లో గట్టి కుట్టు, కాజాల లోపలి అంచు, ఇలాంటి చోట్లే మిగుల్చుకుంటాడు. కాజా మీద సూది ఎన్నిసార్లు పడితే అంత టైం, కాబట్టి ఫేక్ కాజా పల్చగా ఉండి మధ్యలో నుంచి గుడ్డ పోగులు బయటికొస్తాయి. అలాగని దారం ఒకటి వేలాడుతోందని ఫేక్ అనేయకండి, నా దగ్గర షోరూంలో కొన్న షర్ట్‌కే రెండో ఉతుకులో బటన్ ఊడింది.

ఇక నాలుగోది. స్టోన్ ఐలాండ్ జాకెట్. ఇక్కడే నాకు మండింది.

తెలియనివాళ్ళకి, ఇది 1982లో మాస్సిమో ఓస్తి మొదలుపెట్టిన ఇటాలియన్ బ్రాండ్, ఎడమ చేతి మీద దిక్సూచి గుర్తున్న నల్ల బ్యాడ్జ్ ఉంటుంది, రెండు బటన్లతో తగిలించి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ప్రొఫైల్‌లో మంచి రేటింగ్ ఉంది, ఫొటోలు బావున్నాయి, బ్యాడ్జ్ క్లోజప్‌లే నాలుగు పెట్టాడు. బ్యాడ్జ్ క్లోజప్‌లు నాలుగు పెట్టి లోపలి ఫొటో ఒక్కటీ పెట్టలేదంటే అప్పుడే అర్థం కావాలి నాకు. కాలేదు. జాకెట్ వచ్చింది, ఎనిమిది ఫొటోలు తీసి ఆప్‌కి పంపాను, నలభై నిమిషాల్లో "ఒరిజినల్" అని వచ్చింది, పైగా నీలం అంచులున్న సర్టిఫికెట్ కూడా పంపారు. ఫ్రేం కట్టించుకోవచ్చు అంత అందంగా ఉంది.

వారం తర్వాత పిన్ని ఇంటికి వేసుకెళ్ళాను, చూపించాలని కాదు, చలేసింది. ఆవిడ తీసి పక్కన పెడుతూ అలవాటుగా తిరగేసింది. "ఏమే, ఈ ట్యాగులు తర్వాత కుట్టారేంటి?" అంది. చూస్తే నిజమే. మామూలుగా వాష్ ట్యాగ్‌ని పక్క కుట్టు వేసేటప్పుడే రెండు ముక్కల మధ్య పెట్టి కుట్టేస్తారు, ట్యాగ్ పైఅంచు కుట్టు లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది, లాగితే జాకెట్ కుట్టే విప్పాలి. నాదానికి పక్క కుట్టు అయిపోయి ఉంది, దాని మీద ట్యాగుల కట్ట పెట్టి వేరే దారంతో ఇంకో కుట్టు వేశారు. ఆ దారం రంగు కూడా కొంచెం తేడా, జాకెట్‌దేమో నీలం, ట్యాగ్ దగ్గరది నలుపు. అంటే పేరు లేని జాకెట్ ఏదో ఎక్కడో కుట్టి ఉంటే దానికి తర్వాత పేరు పెట్టారు. జేబు మూలల్లో గట్టి కుట్టు లేదు, జిప్పు టేపు కుట్టిన చోట గుడ్డ అల అలలుగా ముడుచుకుంది, రెండు ముక్కల్నీ సూది కిందకి సమంగా పోనివ్వకుండా లాగి కుడితే అలాగే వస్తుందంట.

మరి బ్యాడ్జ్? బ్యాడ్జ్ ఒరిజినలే కావచ్చు! అది బటన్లతో ఊడొచ్చేదే కాబట్టి పాత జాకెట్ నుంచి తీసి విడిగా అమ్ముతారు, అది కొని ఏ జాకెట్‌కైనా తగిలించొచ్చు. ఆప్ వాళ్ళు బ్యాడ్జ్ చూసి ఓకే కొట్టేశారని నా అనుమానం. ఇలాంటి వ్యాపారం చాలా ఉంది, ఒరిజినల్ ట్యాగులు, కవర్లు, బిల్లులు, డబ్బాలు విడిగా అమ్మకానికి పెడతారు, కొత్తది కొని దానికి ఉన్నవన్నీ ఫేక్‌కి తగిలించి షాపుకి రిటర్న్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. బిల్లు ఉంది కదా అంటే బిల్లు ఒరిజినల్ అని మాత్రమే అర్థం.

ముందే చెయ్యాల్సిన పని అప్పటికి గానీ చెయ్యలేదు. స్టోన్ ఐలాండ్ 2014 నుంచి లోపలి లేబుల్ మీద సర్టిలోగో అనే కోడ్ వేస్తోంది, పన్నెండు అంకెలు, పక్కనే క్యూఆర్ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే, లేదా ఆ అంకెలు సర్టిలోగో సైట్‌లో కొడితే, వాళ్ళే జవాబిస్తారు, దానికి డబ్బు అక్కర్లేదు. నేను కొట్టాను. రెండు మూడు ప్రశ్నలు అడిగి, ఫేక్ అని చెప్పింది. ఎందుకంటే ఫేక్ వాళ్ళు ఒక కోడ్‌ని ఎక్కడి నుంచో తీసి అదే వేల ముక్కల మీద అచ్చేస్తారు, అది బయటపడ్డాక ఆ కోడ్‌ని బ్లాక్ చేస్తారు. అలాగని ఓకే అని వస్తే కళ్ళు మూసుకుని నమ్మకండి, ఇంకా దొరకని కోడ్ కూడా అయ్యుండొచ్చు, బట్టని కూడా చూడాలి. 2014 కంటే ముందువాటికి కోడ్ లేకపోతే అది తప్పు కాదు. మాంక్లేర్ లాంటి ఖరీదైన జాకెట్ల బ్రాండ్ల వాళ్ళు కూడా ఇలాంటి కోడ్, చిప్ పద్ధతి పెట్టారు. ఐదు నిమిషాల ఫ్రీ పని ఇది. డబ్బు కట్టించుకున్న ఆప్ వాళ్ళు "ముందు ఆ కోడ్ ఒకసారి స్కాన్ చేసి చూశారా" అని ఒక్క మాట అడగలేదు నన్ను. లేబుల్ ఫొటోలో కోడ్ స్పష్టంగా కనపడుతూనే ఉంది, వాళ్ళే కొట్టి చూడొచ్చు కూడా!

జిప్పు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే ఆప్ సర్టిఫికెట్‌లో "జిప్పు: సరైనది" అని రాశారు. రన్నర్ మీద వైకేకే అని ఉందని. వైకేకే జపాన్ కంపెనీ, 1934 నుంచి ఉంది, ప్రపంచంలో ఎవరు డబ్బిస్తే వాళ్ళకి జిప్పులు అమ్ముతుంది, ఫేక్ కుట్టేవాడు కూడా కొనుక్కోవచ్చు, ఆ అక్షరాలు అచ్చేసిన ఫేక్ జిప్పులు కూడా ఉన్నాయి. ఖరీదైన బట్టలకి ఇటలీ వాళ్ళ లాంపో, స్విట్జర్లాండ్ రీరీ లాంటివి కూడా వాడతారు, దాన్ని బట్టి కూడా ఏమీ తేల్చలేం. జిప్పు మంచిది కాకపోతే అనుమానించొచ్చు, మంచిదైతే ఊరుకోవాలి, అంతే. జిప్పు పేరు చూసి ఒరిజినల్ అని రాసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఇప్పుడు కదా, అప్పుడు నేనూ నమ్మాను.

ఇంకోటుంది, ఆప్‌కి పంపనిది, పంపినా వాళ్ళ వల్ల కానిది. నా దగ్గర "100 శాతం కష్మీర్", అంటే మేక బొచ్చుతో చేసే మెత్తటి ఉన్ని, అని రాసున్న మఫ్లర్ ఒకటి ఉంది. పట్టుకుంటే వెన్నలా మెత్తగా ఉంటుంది, ఫొటోలో ఇంకా మెత్తగా ఉంటుంది. పిన్ని అంచు దగ్గర నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ళ గిన్నె పైన పెట్టి అగ్గిపుల్ల గీసింది. ఉన్ని, కష్మీర్, పట్టు లాంటివైతే జుట్టు కాలిన వాసనొస్తుంది, మంట తీసేస్తే తొందరగా ఆరిపోతుంది, మిగిలిన నల్లటిది వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతుంది. కాటన్ అయితే కాగితం కాలిన వాసన, బూడిద. నా మఫ్లర్ పోగు కాలలేదు, కరిగి వెనక్కి ముడుచుకుని చివర నల్ల పూసలా గట్టిపడింది, ప్లాస్టిక్ కంపు. చల్లారాక గోరుతో నొక్కితే టక్ మంది. కష్మీర్ కాదు, సింథటిక్. మెత్తదనం కోసం ఫ్యాక్టరీలో కెమికల్ రాస్తారంట, నాలుగు ఉతుకులకి పోతుంది. ఇది ఇంట్లో చేస్తే ఒక్క పోగు మాత్రమే కాల్చండి, చుట్టుపక్కల గుడ్డలు లేకుండా చూసుకోండి, జాకెట్ మొత్తానికి అగ్గిపుల్ల పెట్టి నన్ను తిట్టకండి.

సపోర్ట్ సంగతి. సర్టిలోగో స్క్రీన్‌షాట్ పంపితే మొదటి జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. "మాది అభిప్రాయం మాత్రమే, గ్యారంటీ కాదు, రూల్స్‌లో ఉంది చూడండి" అన్నారు. ఉంది, నిజమే, చాలా కింద, చాలా చిన్న అక్షరాల్లో. అభిప్రాయానికి నీలం అంచుల సర్టిఫికెట్ ఎందుకు మరి? ట్యాగ్ కుట్టు దగ్గర నుంచి తీసిన ఫొటోలు పంపాక రెండోసారి చూసి ఫేక్ అని మార్చారు. డబ్బు వెనక్కివ్వలేదు, ఇంకో రెండు ఐటెమ్‌లు ఫ్రీగా చెక్ చేసుకోండి అని క్రెడిట్ ఇచ్చారు. నేను డబ్బే కావాలంటున్నా, అది ఇంకా నడుస్తోంది. జాకెట్ డబ్బు మాత్రం కొన్న సైట్ వాళ్ళు వెనక్కిచ్చారు, వాళ్ళు ఈ ఆప్ రిపోర్ట్‌ని లెక్కలోకి తీసుకోలేదు, సర్టిలోగో రిజల్ట్ చూసి ఇచ్చారు. మీరు కూడా కొన్న వెంటనే, రిటర్న్ గడువు దాటకముందే చెక్ చేయించుకోండి, నేను అదృష్టం కొద్దీ రెండు రోజుల తేడాలో బయటపడ్డాను.

వాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, ఈ పని తేలికైనది కాదు. దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ, యూరోపియన్ యూనియన్ మేధోసంపత్తి ఆఫీస్ కలిసి వేసిన లెక్కలో 2019లో దేశాల మధ్య తిరిగిన నకిలీ సరుకు 464 బిలియన్ డాలర్ల దాకా ఉండొచ్చని తేలింది, ప్రపంచ వాణిజ్యంలో 2.5 శాతం. బట్టలు, చెప్పులు, బ్యాగులు ఆ లిస్ట్‌లో పైనే ఉంటాయి. ఒకప్పుడు పేరులో స్పెల్లింగ్ తప్పు పోయి దొరికిపోయేవాళ్ళు, ఇప్పుడు ఒరిజినల్ ఒకటి కొని, కుట్లు విప్పి, ముక్కలు కాగితం మీద పరిచి కొలతలు తీసుకుని కుట్టే వాళ్ళున్నారు. ఫొటోలో దొరకని ఫేకులు ఉంటాయి. ఉంటాయని వాళ్ళకీ తెలుసు, అలాంటప్పుడు "తేల్చలేకపోతున్నాం" అనే మూడో జవాబు వాడొచ్చు కదా, అది ఉన్నదే అందుకు. నలభై నిమిషాల్లో సర్టిఫికెట్ పంపేయాలన్న తొందరే వాళ్ళని ముంచింది. పేరు మారిన తారీఖులు, లేబుల్ అక్షరాలు, ట్యాబ్‌ల చరిత్ర లాంటివాటిల్లో వాళ్ళని నమ్ముతాను, ఆ విషయంలో మా పిన్ని వాళ్ళ ముందు నిలవదు. గుడ్డ, కుట్టు, బటన్ లాంటి చేత్తో తెలిసే వాటిల్లో వాళ్ళు పిన్ని ముందు నిలవరు.

స్టార్లు ఇలా ఇచ్చాను. ఫొటో గైడ్‌కి ఒకటి, జీన్స్ రిపోర్ట్‌కి ఒకటి, కోటుకి ఇరవై నిమిషాల్లో తేల్చినందుకు ఒకటి. డబ్బు వెనక్కిస్తే నాలుగోది ఆలోచిస్తా. మిగిలిన రెండు క్రెడిట్లలో ఒకటి వాడి మా తమ్ముడి టీషర్ట్ పంపాను, దానికేం రాస్తారో చూడాలి, వాడు ఆల్రెడీ భయపడుతున్నాడు.

జాకెట్ వెనక్కి పంపక్కర్లేదన్నారు సైట్ వాళ్ళు. పంపితే ఆ అమ్మినవాడు మళ్ళీ ఇంకొకరికి అమ్ముతాడు కదా, పంపకపోవడమే నయం. పిన్ని ఒక సాయంత్రం కూర్చుని ట్యాగులన్నీ విప్పేసింది, తర్వాత వేసిన కుట్టే కాబట్టి రెండు నిమిషాల్లో ఊడొచ్చాయి, బ్యాడ్జ్ తీసి సూదుల డబ్బాలో పడేసింది. ఇప్పుడది పేరు లేని నీలం జాకెట్, ఊరికే వేసుకు తిరుగుతున్నా. నిన్న వానొచ్చింది. భుజాల దగ్గర తడిసిపోయాను.